మరకను బట్టి మందు

శివరాత్రి వెళ్ళిన మర్నాడు శ్రీశైలం సత్రాల్లో, ఆరాధనోత్సవాలు ముగిశాక మంత్రాలయం గదుల్లో, శని ఆదివారాలు గడిచాక గండికోట చుట్టుపక్కల అద్దె బసల్లో ఒకే పని మొదలవుతుంది. అతిథులు తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపోతారు. తలుపు తీస్తే దుప్పటి నిండా తలనూనె మరకలు, గోడమూల వక్కాకు ఉమ్మి, పరుపు మీద పసిబిడ్డ మూత్రం, ఘాటు రోడ్డు మలుపులు పడని ఎవరిదో వాంతి. మధ్యాహ్నానికి ఇంకో కుటుంబం దిగుతుంది. ఆలోపు గదిలో మరకా వాసనా రోగమూ మిగలకూడదు. పైగా ఇది వాన తక్కువ సీమ. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బకెట్ల కొద్దీ నీళ్ళు గుమ్మరించి కడగడం అన్ని ఊళ్ళలో అన్ని రోజుల్లో కుదిరే పని కాదు.

ఈ పనికి వాడే ప్రతి వస్తువు వెనకా ఒక ఆవిష్కరణ ఉంది. సోడా, బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్, ఎంజైము పొడి: వీటిలో ఏదీ పరిమళాల మధ్య పుట్టలేదు. రేవు దగ్గర, పేగుల కార్ఖానాలో, ప్రసూతి వార్డులో, మురుగు కాలువ దగ్గర, తోళ్ళ తొట్టి దగ్గర పుట్టాయి. ముక్కు మూసుకుని వెళ్ళిపోకుండా, ఆ కంపు ఎందుకొస్తోందని ఆగి చూసినవాళ్ళు కనిపెట్టినవి ఇవి. ఆ కథ తెలిస్తే ఏ మరకకు ఏది వాడాలో కూడా తెలుస్తుంది.

చౌడు నేల చెప్పిన పాఠం

బస ఇవ్వడం ఈ సీమకు కొత్త కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగానే వెళ్ళాడు. తన మజిలీల వివరాలన్నీ కాశీయాత్ర చరిత్రలో రాసిపెట్టాడు. అలాంటి యాత్రికుల దుప్పట్లూ పంచెలూ శుభ్రం చేసిన మొదటి రసాయనం ఇక్కడి నేలలోనే దొరికింది.

ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉన్న చోట నేలలోని తేమ సన్నని సందుల గుండా పైకి పాకుతూ వస్తుంది. పైకొచ్చాక నీరు ఆవిరైపోతుంది, దానిలో కరిగిన లవణాలు మిగిలిపోతాయి. చేలల్లో తెల్లగా పొంగిన చౌడు అదే. రైతుకు అది శాపం. చాకలివాళ్ళు మాత్రం దాన్ని ఏరి తెచ్చుకున్నారు. అందులో సోడియం కార్బొనేట్, అంటే ఇప్పుడు మనం చాకలి సోడా అని కొనేది ఉంటుంది. చౌడునీళ్ళలో బట్టలు నానబెట్టి, బాన మీద ఉబ్బ వేసి, రాత్రంతా ఆవిరి పట్టించి, తెల్లారి రేవులో బండకేసి ఉతికేవాళ్ళు. నూనె, చెమట జిడ్డు క్షారంతో కలిసి, వేడి తగిలి, సబ్బులా మారి నీళ్ళలో పోతాయి. కొవ్వు సబ్బుగా ఎలా మారుతుందో ఫ్రాన్స్‌లో మిషెల్ షెవ్రెల్ 1823లో పుస్తకం రాసి వివరించాడు. రేవులో ఆ పని అప్పటికే తరాలుగా సాగుతోంది.

నెత్తుటి మరకను ముందు చల్లనీళ్ళలో నానబెట్టాలనీ, వేడినీళ్ళు పోస్తే అది బట్టకు పట్టేసుకుంటుందనీ కూడా రేవుకు తెలుసు. నెత్తురు, పాలు, గుడ్డు, వాంతి, వీటన్నిటిలో మాంసకృత్తులు ఉంటాయి. వేడి తగిలితే అవి గడ్డకట్టి నూలు పోగుల్లో బిగుసుకుంటాయి. నూనె జిడ్డుకు వేడినీళ్ళు, నెత్తురుకు చల్లనీళ్ళు: ఈ ఒక్క తేడా తెలియక నేటికీ ఎన్నో మంచి దుప్పట్లు పాడవుతున్నాయి. పురిటి బట్టలు, ముట్టు బట్టలు, చావింటి బట్టలు పుట్టుకను బట్టి ఒకే కులం మీద మోపిన సమాజం, ఆ పనిలోంచి వాళ్ళు సంపాదించిన ఇంత జ్ఞానాన్ని మాత్రం జ్ఞానమని ఒప్పుకోలేదు. ఈ ఆవిష్కరణల కథలో మొదటి పేరు వాళ్ళదే కావాలి.

నాపరాయికి యాసిడ్ పడదు

ఇక్కడి గదుల్లో నేల ఎక్కువగా నాపరాయి. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తవ్వే నల్లని కడప బండ, బేతంచెర్లలో పాలిష్ పట్టి లారీలకెక్కించే బండలు, ఇవన్నీ సున్నపురాయి జాతివే. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథాన్ని భూగర్భ సర్వే శాఖ ప్రచురించింది. ఆ రెండు పేర్లు అప్పటి నుంచి భూగర్భ శాస్త్రంలో స్థిరపడ్డాయి. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలసిందీ ఈ సున్నపురాయి కోసమే.

సున్నపురాయికి శత్రువు ఆమ్లం. దాని బలం ఎంతో చూడాలంటే నంద్యాల జిల్లా బెలుం గుహలకు వెళ్ళాలి. గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి కొద్దిగా పులిసిన నీరు లక్షల ఏళ్ళు పారి సున్నపురాయిని కరిగిస్తే, 3,229 మీటర్ల గుహ ఏర్పడింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాని గురించి రాశాడు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. అంత బలహీనమైన ఆమ్లానికే అంత పని సాధ్యమైతే, బాత్రూం యాసిడ్‌లోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సంగతి చెప్పాలా? నాపరాయి మీద పడగానే బుసబుస పొంగుతుంది. ఆ పొంగు చూసి మురికి వదులుతోందనుకుంటారు. నిజానికి కరుగుతున్నది బండ. పాలిష్ పోయి బండ గరుకెక్కుతుంది, ఆ గరుకులో రేపటి మురికి ఇంకా లోతుగా దిగుతుంది.

వాంతిలో ఉండేదీ కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. నిమ్మరసం, చింతపండు పులుసు, కూల్ డ్రింకు కూడా ఆమ్లాలే. అందుకే నాపరాయి గదిలో వీటిని వెంటనే ఎత్తేయాలి. పైన కొంచెం సోడా చల్లితే ఆమ్లం విరిగిపోతుంది. యాసిడ్ సీసా పింగాణీ టాయిలెట్‌కే పరిమితం కావాలి, గది గడప దాటి రాకూడదు.

మరి బండలోకి ఇంకిన నూనె, మాంసం పులుసు జిడ్డు ఎలా తీయాలి? చౌడు నేల చెప్పిన పాఠమే ఇక్కడ పనికొస్తుంది. ముల్తానీ మట్టో సుద్దపొడో సోడానీళ్ళతో ముద్దగా కలిపి, మరక మీద మందంగా పరిచి రాత్రంతా వదిలేయాలి. ముద్ద ఆరుతున్నకొద్దీ తడి పైకి పాకుతుంది, దానితోపాటు బండలోని జిడ్డూ పైకి వచ్చి మట్టిలో చేరుతుంది. పొద్దున గీకేస్తే సరి. ఒక్కసారికి పోకపోతే మళ్ళీ పరచాలి. లవణాన్ని చేనిపైకి తెచ్చే శక్తే ఇక్కడ జిడ్డును బండ పైకి తెస్తుంది. దీనికి నీళ్ళు ఒక చెంబెడు చాలు.

కంపు వెంట వెళ్ళినవాళ్ళు

1774లో స్వీడన్‌లో కార్ల్ విల్హెల్మ్ షీలే ఒక నల్లని మాంగనీసు ఖనిజం మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశాడు. ఊపిరాడనివ్వని పచ్చని వాయువు వచ్చింది. అది ఆకులనూ పూలనూ తెల్లబరుస్తోందని గమనించాడు. అదే క్లోరిన్. 1785లో ఫ్రాన్స్‌లో బెర్తొలే దానితో బట్టలు తెలుపు చేయవచ్చని చూపాడు. అప్పటిదాకా నూలు బట్టను తెల్లబరచాలంటే నెలల తరబడి పచ్చికలో ఎండబెట్టాల్సి వచ్చేది. ఇబ్బందల్లా వాయువును మోసుకుపోవడం. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ ఆ వాయువును పొడి సున్నంలోకి పంపి, పొడిగా మార్చి పేటెంటు తీసుకున్నాడు. మన బ్లీచింగ్ పౌడర్ అలా పుట్టింది. దానిలో సగం మనకు ఎప్పటి నుంచో తెలిసిన సున్నమే.

తెలుపు చేసే పొడి రోగాలనూ ఆపుతుందని తెలిసింది కంపు వల్లనే. పారిస్‌లో జంతువుల పేగుల నుంచి తంత్రులు తీసే కార్ఖానాలు ఉండేవి. అక్కడి కుళ్ళు వాసనకు మందు కనిపెట్టినవారికి బహుమతి ప్రకటించారు. 1820లలో లబరాక్ అనే మందుల తయారీదారు క్లోరిన్ ద్రావణాలతో ఆ వాసనను అణచి బహుమతి గెలిచాడు. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్, శవపరీక్షలు చేసి వచ్చిన వైద్యుల చేతుల వాసన సబ్బుకు వదలడం లేదని గమనించాడు. ఆ వాసనను పోగొట్టేది క్లోరిన్ కలిపిన సున్నపునీళ్ళని తేలింది. వాటితో చేతులు కడిగితేనే వార్డులోకి రావాలని పట్టుబట్టాడు. బాలింతల మరణాలు ఒక్కసారిగా తగ్గాయి. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. వాసన వెంట వెళ్ళి ఆయన ప్రాణాలు కాపాడాడు.

ఫినాయిల్ కథా అలాంటిదే. 1834లో జర్మనీలో రుంగె బొగ్గు తారు నుంచి కార్బాలిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. దానిని ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో మురుగు కంపు పోవడానికి వాడుతున్నారని గ్లాస్గో శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ విన్నాడు. మురుగును కుళ్ళనివ్వనిది పుండును కుళ్ళనిస్తుందా అని ఆలోచించాడు. 1865 ఆగస్టు 12న, బండి చక్రం కింద కాలు విరిగి తెచ్చిన 11 ఏళ్ళ కుర్రాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. గాయం చీము పట్టకుండా మానింది. అయితే తారు నూనెలు నీళ్ళలో కలవవు. 1877లో జాన్ జేయెస్ వాటిని సబ్బుతో కలిపి, నీళ్ళలో పోస్తే పాలలా విరిసే ద్రవంగా చేశాడు. మన దేశంలో ప్రఫుల్ల చంద్ర రాయ్ 1892లో కలకత్తాలో తానుండే అద్దె ఇంట్లోనే మందుల తయారీ మొదలుపెట్టాడు. అది 1901లో బెంగాల్ కెమికల్స్ కంపెనీ అయింది. ఆ కంపెనీ ఫినాయిల్‌తో దేశంలో ఎన్నో ఆసుపత్రుల వరండాలు తుడిచారు.

వాంతి పడిన గదికి ఈ రెండింటిలో బ్లీచింగ్ పౌడరే మేలు. వాంతులూ విరేచనాలూ అంటించే నోరోవైరస్‌కు ఆ పేరు అమెరికాలోని నార్వాక్ పట్టణం నుంచి వచ్చింది. 1968లో అక్కడి బడిలో వ్యాధి ప్రబలింది, 1972లో ఆల్బర్ట్ కపికియన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వైరస్‌ను చూశాడు. చేతులకు రాసుకునే శానిటైజర్‌కు అది సరిగా లొంగదు, క్లోరిన్‌కు లొంగుతుంది. 30 శాతానికి పైగా క్లోరిన్ ఉన్న తాజా పొడి లీటరు నీటికి 3 నుంచి 5 గ్రాములు కలిపి, తేరిన నీటితో నేల తడిపి పది నిమిషాలు వదలాలి. అంతకుముందే మురికిని పూర్తిగా ఎత్తేయాలి. లేకపోతే క్లోరిన్ బలమంతా మురికి మీదే ఖర్చైపోతుంది.

ప్రాణాంతకమైన కలయిక

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం వదిలింది షీలే చూసిన ఆ పచ్చని వాయువునే. అదే వాయువు ఒక చిన్న బాత్రూంలో పుట్టవచ్చు. టాయిలెట్‌లో యాసిడ్ పోసి, ఇంకా తెల్లగా రావాలని పైన బ్లీచింగ్ పౌడర్ చల్లితే చాలు. ఒక్క కిటికీ ఉన్న గదిలో, వంగి రుద్దుతున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి అది నేరుగా వెళ్తుంది. నిల్వ మూత్రం మీద బ్లీచింగ్ పౌడర్ వేసినా అందులోని అమ్మోనియాతో కలిసి క్లోరమైన్లనే మరో విషవాయువు వస్తుంది. ముందు మూత్రాన్ని నీళ్ళతో కడిగేయాలి, తర్వాతే బ్లీచింగ్. ఒక రోజు యాసిడ్ వాడితే ఆ రోజు అక్కడ బ్లీచింగ్ వద్దు. ఆ రెండూ ఒకే అరలో ఉండకూడదు. శుభ్రం చేసే మనిషికి చదువు రాకపోతే ఈ మాట నోటితో చెప్పాలి, చేసి చూపాలి. బస నడిపే యజమాని బాధ్యతల్లో దీనికంటే పెద్దది లేదు.

తోళ్ళ తొట్టి నుంచి సబ్బుపొడికి

పరుపుకు పట్టిన మూత్రం అన్నిటికంటే మొండిది. తాజాగా ఉన్నప్పుడు ఘాటు తక్కువ. అందులోని యూరియాను సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైముతో విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తాయి. ఎంజైమంటే ఏమిటో తేల్చింది కూడా ఈ యూరియేజే. 17 ఏళ్ళకే ఎడమ చేయి పోగొట్టుకున్న జేమ్స్ సమ్నర్ ఒంటిచేత్తో ఏళ్ళ తరబడి పనిచేసి, మన తమ్మకాయ జాతికి చెందిన జాక్ బీన్ గింజల నుంచి 1926లో దాన్ని స్ఫటికాలుగా తీశాడు. ఎంజైము ఒక మాంసకృత్తు అని నిరూపించాడు. 1946లో నోబెల్ వచ్చింది.

మూత్రంలోని యూరిక్ ఆమ్లం నీళ్ళకు సులువుగా కరగదు. ఎండల్లో వాసన అణిగిపోయినట్టే ఉండి, ముసురు పట్టగానే మళ్ళీ లేస్తుంది. దానికి వాడేది ఎంజైము మందులు. వాటి దారి తెరిచింది తోళ్ళ పరిశ్రమ. పూర్వం తోలు మెత్తబడటానికి కుక్కల పెంట కలిపిన తొట్లలో నానబెట్టేవాళ్ళు. ఆ పనిచేసేది పెంటలోని ఎంజైములని గ్రహించిన ఒట్టో రోమ్, 1907లో జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో మందు చేసి తొట్లలోంచి పెంటను తప్పించాడు. తోలు మీద మాంసకృత్తులను విడగొట్టేది బట్ట మీద ఎందుకు విడగొట్టదని 1913లో ఉతుకు పొడికి పేటెంటు తీసుకున్నాడు. సోడా క్షారానికి ఆ ఎంజైము తొందరగా చచ్చిపోయేది. క్షారాన్ని తట్టుకునే ఎంజైములను బాసిల్లస్ బ్యాక్టీరియా నుంచి తీయడం 1960ల నాటికి సాధ్యమైంది. ఇప్పటి చాలా ఉతుకు పొడుల్లో ఉండేవి అవే.

ఎంజైముకు కావలసింది తేమ, గోరువెచ్చదనం, సమయం. మరుగునీళ్ళు పోస్తే అది చనిపోతుంది, బ్లీచింగ్ పౌడర్ కలిపినా అంతే. మరక లోతు ఎంతో అంత లోతుకు మందు ఇంకాలి, తడిగుడ్డ కప్పి కొన్ని గంటలు ఉంచాలి. తొందరలో ఉన్నవాళ్ళకు ఓపిక పట్టడం కష్టమే. అందుకే ప్రతి పరుపుకూ నీళ్ళు దిగని తొడుగు ముందే వేసి ఉంచడం అన్నిటికంటే చవకైన మందు.

ఎండ

సీమలో డబ్బు పెట్టి కొనక్కర్లేని మందు ఎండ. 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు సూక్ష్మజీవులు పెరిగే ద్రవం పోసిన గాజు గొట్టాలను కిటికీలో పెట్టి చూశారు. నీడలో ఉన్నవి మబ్బుగా మారాయి, ఎండ సోకినవి తేటగా ఉండిపోయాయి. ఎండ సూక్ష్మజీవులను చంపుతుందనడానికి అది తొలి రుజువు. మిద్దె మీద పరుపు తిరగేసి మరగేసి ఎండబెట్టే మన అలవాటుకు అంతకంటే సమర్థన అక్కర్లేదు. పసుపు మరకకైతే ఎండే మొదటి మందు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, దాన్ని చూసి కంగారుపడి బ్రష్షుతో రుద్ది బట్ట చింపుకుంటారు. జాడించి, తడిగానే ఎండలో ఆరేస్తే పసుపులోని కర్కుమిన్ వెలుతురుకు విరిగి దానంతట అదే వెలిసిపోతుంది.

నష్టం ఎవరు భరించాలి

ఆన్‌లైన్ బసల కాలంలో మరో ఆవిష్కరణ జరిగింది, అది డబ్బు లెక్కలో. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా ఇల్లిచ్చిన ఒక మహిళ తిరిగొచ్చేసరికి ఇల్లంతా ధ్వంసమై ఉంది. ఆ గొడవ అమెరికా అంతా మార్మోగాక, ఆ ఆగస్టులో కంపెనీ 50 వేల డాలర్ల వరకు నష్టానికి హామీ ప్రకటించింది. 2012లో దాన్ని పది లక్షల డాలర్లకు పెంచింది. మన దగ్గర ఫోను మీదే కుదిరే బసలకు అలాంటి అండ ఉండదు. అందుకని అడ్వాన్స్ ఎంతో, ఏ నష్టానికి ఎంత తీసుకుంటారో గది ఇచ్చే ముందే కాగితం మీద చూపాలి. కడగకముందే తేదీ పడేలా ఫొటో తీయాలి. అతిథిని అవమానించకుండా అడగాలి. పసిబిడ్డ తడిపిన పరుపుకూ, తాగి కక్కిన గదికీ ఒకే జరిమానా వేయడం న్యాయం కాదు. ఒంట్లో బాగాలేని మనిషి చేసిన మురికికి క్షమాపణ చెప్పించుకోవడమూ మర్యాద కాదు.

పని వరస

ఇన్ని కథల్లోంచి తేలే వరస ఇది. తలుపు తీయగానే కిటికీలు తెరవాలి. చేతికి గ్లౌజులు, మూతికి గుడ్డ. ఏమీ పోయకముందు మరక ఏమిటో, అది ఏ వస్తువు మీద పడిందో చూడాలి. తడి మురికి మీద బూడిదో ఇసుకో చల్లి, అట్టముక్కతో ఎత్తేయాలి. నీటి కరువున్న చోట ఈ ఒక్క మెట్టు బకెట్ల నీళ్ళు మిగులుస్తుంది. తర్వాత చల్లనీళ్ళు. ఆ తర్వాతే మందు: జిడ్డుకు సోడా, వేడినీళ్ళు; నెత్తురు, వాంతి, మూత్రాలకు ఎంజైము; రోగభయం ఉన్నచోట క్లోరిన్; పసుపుకు ఎండ. నాపరాయి మీద యాసిడ్ ఎప్పుడూ వద్దు. ఏ రెండు మందులూ కలపొద్దు. వేసిన మందుకు దాని సమయం ఇవ్వాలి.

ఈ వరసను రోజూ పాటించేది చాలా చోట్ల యజమాని కాదు, నెలజీతానికి వచ్చే ఒక స్త్రీ. వాంతి ఎత్తిన రోజుకు ఆమెకు అదనంగా కూలి రావాలి, అతిథి దగ్గర తీసుకున్న జరిమానాలో వాటా రావాలి, మంచి గ్లౌజులు రావాలి, రెండు గదుల మధ్య పని ముగించడానికి తగినంత సమయం రావాలి. లబరాక్‌కు బహుమతి ఇచ్చారు, సమ్నర్‌కు నోబెల్ ఇచ్చారు. వాళ్ళు కనిపెట్టినదాన్ని ప్రతి ఉదయం మన గదుల్లో నిజం చేస్తున్న మనిషికి సరైన కూలి, క్షేమం ఇవ్వడం బస నడిపే ప్రతి ఒక్కరూ తీర్చాల్సిన బాకీ.